నేర్చిన పని ఎన్నాళ్ళు నిలుస్తుంది?



ఆమధ్య బంధుగాంలో పార్వతీపురం బస్సు కోసం నిలబడి ఉండగా, ఒక పెద్దాయన నా పక్కకు వచ్చి, చొక్కాజేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి చూపించారు. హైదరాబాదులోని ఒక కంప్యూటరు శిక్షణ సంస్థవారి కరపత్రం అది. పదీ పన్నెండు కోర్సుల పేర్లు, వాటి ఫీజులు అచ్చువేసి ఉన్నాయి. ఆయన కొడుకు డిగ్రీ పూర్తిచేశాడట. అందులో ఒక కోర్సులో చేరతానని పట్టుపడుతున్నాడట. ఫీజు, గది అద్దె, భోజనం అన్నీ కలిపితే పెద్ద మొత్తమే. అందుకని జీడితోటను మూడేళ్ళకు గుత్తకు ఇచ్చేద్దామని ఆ పెద్దాయన ఆలోచన.

"మాస్టారూ, డబ్బు సంగతి నేను సూసుకుంటాను. ఒక్క మాట సెప్పండి. ఇది నేర్సుకుంటే మావోడికి బతుకంతా పనికొస్తాదా, నాలుగేళ్ళకే మూలపడతాదా?" అని అడిగారు.

ఇంతలో బస్సు వచ్చింది. నేను ఏదో పొడిగా రెండు ముక్కలు చెప్పి ఎక్కేశాను. దారి పొడుగునా ఆ ప్రశ్నే మనసులో మెదిలింది. ఈ సరిహద్దు పల్లెల్లో తోటలు గుత్తకిచ్చి, బంగారం తాకట్టుపెట్టి పిల్లలను చదువులకు పంపుతున్న తల్లిదండ్రులందరి ప్రశ్నా అదే కదా! ఆ పెద్దాయనకు నేను బాకీపడిన జవాబును ఈరోజు మీ అందరి ముందూ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా కాస్త వెనక్కు వెళదాం. మన దేశంలో తంతి సౌకర్యం 1850లలో మొదలైంది. 2013 జులైలో ఆ సేవను ఆపేశారు. అంటే దాదాపు 160 సంవత్సరాలు నడిచింది. చుక్కలు, గీతల భాషలో వార్తలు పంపే విద్యను ఒక యువకుడు ఇరవై ఏళ్ళ వయసులో నేర్చుకుంటే, తరాల తరబడి అదే విద్యతో పింఛను తీసుకునేదాకా పనిచేసే వీలుండేది. టైపు సంగతీ అంతే. టైపు లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసైతే ఉద్యోగానికి ఒక దారి దొరికినట్టేనని మన ఇళ్ళలో అనుకునేవారు. ఆ టైపు మిషన్లు చేసిన గోద్రెజ్ సంస్థ 2011 నాటికి వాటి తయారీ మానేసింది. ఆ విద్య కూడా ఒక మనిషి ఉద్యోగ జీవితానికి సరిపడా నిలిచిన విద్యే.

మరి ఎస్‌టీడీ బూతు? 1980ల చివరి నుంచి పసుపు రంగు బోర్డులతో ఊరూరా బూతులు వెలిశాయి. మన దేశంలో సెల్‌ఫోను 1995లో వచ్చింది. 2003లో వచ్చే కాల్స్‌కు డబ్బు తీసుకోవడం ఆగిపోయాక, సెల్‌ఫోను సామాన్యుడి చేతిలోకీ చేరింది. అప్పు చేసి బూతు పెట్టుకున్నవారు పదిహేను, ఇరవై ఏళ్ళలోనే దాన్ని జిరాక్సు దుకాణంగానో, రీఛార్జి కొట్టుగానో మార్చుకోవలసి వచ్చింది. అంటే ఒక తరం బతుకంతా నిలిచే విద్యలు పోయి, ఒక మనిషి జీవితంలోనే రెండు మూడుసార్లు మారే విద్యలు వచ్చాయి.

ఇక కంప్యూటరు విషయంలో ఈ వేగం ఎంత పెరిగిందో చూడండి. 1990ల తొలినాళ్ళలో కంప్యూటరు కోర్సు అంటే డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, ఫాక్స్‌ప్రో. అప్పట్లో ఆ పేర్లు గడగడా చెప్పిన కుర్రవాడు వీధిలో గొప్పవాడు. 1995లో విండోస్ 95 వచ్చింది. నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపుచేసే పద్ధతి పోయి, బొమ్మల మీద మౌస్‌తో నొక్కే పద్ధతి వచ్చింది. మైక్రోసాఫ్ట్ సంస్థ ఫాక్స్‌ప్రోకు ఆఖరి కొత్త రూపాన్ని 2004లో విడుదల చేసింది. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 అనే సాధనానికి 2008లో మద్దతు ఆపేసింది. వెబ్ పేజీల్లో బొమ్మలు కదిలించడానికి వేలమంది నేర్చుకున్న ఫ్లాష్‌ను అడోబ్ సంస్థ 2020 డిసెంబరు 31తో మూసివేసింది.

ఈ సందర్భంలో మన తెలుగువారి అనుభవాన్ని తప్పక చెప్పుకోవాలి. 1990ల చివరలో ప్రపంచానికి ఒక చిక్కు వచ్చిపడింది. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండే అంకెలతో రాసేవారు. 1998ని 98 అని రాసేవారన్నమాట. మరి 2000 వస్తే? సున్నా సున్నా అంటే 1900 అని కంప్యూటరు పొరబడవచ్చు. బ్యాంకు వడ్డీలు, పింఛన్లు, బీమా లెక్కలు తారుమారవుతాయి. ఆ పాత ప్రోగ్రాములు చాలావరకు కోబాల్ అనే భాషలో ఉన్నాయి. అది 1959లో రూపుదిద్దుకున్న భాష. దానితో కోబాల్ వచ్చినవారికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థలు కిటకిటలాడాయి. అమెరికా ఏటా ఇచ్చే హెచ్-1బి వీసాల పరిమితిని 65,000 నుంచి 1999లో 1,15,000కు పెంచింది. మన పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి ఎందరో యువకులు విమానం ఎక్కారు.

2000 జనవరి వచ్చింది, ఆ పని అయిపోయింది. పిమ్మట 2000, 2001 సంవత్సరాలలో అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీలు కుప్పకూలాయి. ఉద్యోగాలు పోయి తిరిగివచ్చినవారూ ఉన్నారు, అక్కడే జావా నేర్చుకుని నిలదొక్కుకున్నవారూ ఉన్నారు. అమీర్‌పేటలో బోర్డులు మారాయి. కోబాల్ బోర్డు దించి జావా, తరవాత డాట్‌నెట్, టెస్టింగ్, శాప్, హడూప్, పైథాన్ అంటూ ఒకదాని వెనక ఒకటి ఎక్కించారు. 2020లో కోవిడ్ వచ్చాక చాలా తరగతులు ఆన్‌లైనులోకి కూడా వెళ్ళాయి. ఆ బోర్డుల వరుసే ఈనాటి మన ప్రసంగాంశానికి పట్టిక.

ఎందుకిలా అవుతుంది? దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, సాధనాన్ని తయారుచేసే కంపెనీ కొత్తది అమ్ముకోవాలంటే పాతదాన్ని ఆపక తప్పదు. రెండవది, ఒక విద్యకు గిరాకీ ఉందని తెలియగానే అందరూ అదే నేర్చుకుంటారు. సంతలోకి ఒకే సరుకు బండ్లకొద్దీ వచ్చిననాడు దాని ధర ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మూడవది కాస్త సూక్ష్మమైనది. మనిషి చేతిలో ఉన్న నేర్పు మెల్లగా యంత్రంలోకి వెళ్ళిపోతుంది. టైపు మిషను మీద తప్పు లేకుండా కొట్టడం ఒకప్పుడు గొప్ప నేర్పు. కంప్యూటరు వచ్చాక తప్పు కొట్టినా చెరిపి దిద్దుకోవచ్చు. కనుక ఆ నేర్పుకు ధర తగ్గింది.

ఈ విషయాన్ని అమెరికాలో లెక్కలు కట్టి చూశారు. డేవిడ్ డెమింగ్, కదీమ్ నోరే అనే ఆర్థికవేత్తలు హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 2018లో ఒక అధ్యయనం వెలువరించారు. ఇంజనీరింగు, కంప్యూటరు వంటి చదువులు చదివినవారికి ఉద్యోగంలో చేరిన కొత్తలో మిగతా పట్టభద్రులకన్నా రాబడి బాగా ఎక్కువ. కాని ఆ ఆధిక్యం మొదటి పదేళ్ళలోనే సగానికి పైగా తరిగిపోతోందని వారు కనుగొన్నారు. వీరి జీతం తగ్గుతుందని దీని అర్థం కాదు. మిగతావారు అనుభవంతో దగ్గరకు వస్తారు, ఈలోగా వీరు నేర్చిన సాధనాలు పాతబడతాయి, కొత్త సాధనాలతో కొత్త పట్టభద్రులు వచ్చి పక్కన కూర్చుంటారు.

ఇదంతా వింటే, ఇక నేర్చుకోవడమే దండగ అనిపించవచ్చు. అలా అనుకోవద్దు. నేర్చుకున్నదంతా ఒకే వేగంతో పాతబడదు. అసలు సంగతి అక్కడే ఉంది.

ఉదాహరణకు ఒక రేషను డిపో లెక్క తీసుకుందాం. కార్డుదారుల వివరాలు ఒక పట్టీలో ఉంటాయి. ఎవరికి ఏ నెల ఎంత బియ్యం ఇచ్చారన్నది మరొక పట్టీలో ఉంటుంది. రెండింటినీ కలిపే లంకె కార్డు నంబరు. ప్రతి నెలా పేరూ, ఊరూ, కుటుంబసభ్యుల వివరాలూ మళ్ళీ రాయనక్కరలేదు. నంబరు వేస్తే చాలు. వివరాలను ఇలా పట్టీలుగా విడదీసి లంకె వేసే పద్ధతిని 1970లో ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఆ పునాది మీద పుట్టిన ఎస్‌క్యూఎల్ అనే భాష ఇన్నేళ్ళ తరవాత ఈనాటికీ వాడుకలో ఉంది. 1990లలో డీబేస్‌గాని, ఫాక్స్‌ప్రోగాని నేర్చినవారిలో ఏ మీట నొక్కితే ఏమవుతుందో మాత్రమే కంఠస్థం చేసినవారి విద్య ఆ సాధనంతోపాటే పోయింది. పట్టీలు ఎలా విడదీయాలి, లంకె ఎలా వేయాలి అన్నది అర్థం చేసుకున్నవారు కొన్ని వారాలలో కొత్త సాధనం పట్టుకున్నారు.

టైపు నేర్చినవారిలోనూ ఈ తేడా ఉంది. ఇంగ్లీషు టైపు నేర్చినవారి వేళ్ళ అలవాటు కంప్యూటరు మీద అలాగే పనికివచ్చింది, ఎందుకంటే అక్షరాల వరుస అదే. తెలుగు టైపువారికి కంప్యూటరు మీద వేరే అమరికలు ఎదురై, చాలామంది మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. కానీ ఉత్తరం ఎలా రూపొందించాలి, అర్జీలో ఏ విషయం ముందు ఉండాలి అన్న జ్ఞానం మాత్రం ఇద్దరికీ మిగిలింది.

మన కొరాపుట్ జిల్లాలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. సునాబెడలోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ల కర్మాగారం మీకు తెలుసు. మిగ్-21 యుద్ధవిమానాల ఇంజన్లు తయారుచేయడానికి 1964లో దాన్ని నెలకొల్పారు. మొదట ఆర్-11 ఇంజను. తరవాత అదే విమానపు మెరుగైన రకానికి ఆర్-25. మిగ్-27 కోసం ఆర్-29. ఆపైన సుఖోయ్-30 కోసం ఏఎల్-31 ఇంజను. మిగ్-27లు 2019 డిసెంబరులో, మిగ్-21లు 2025 సెప్టెంబరులో వాయుసేన నుంచి విరమించాయి. కర్మాగారం మాత్రం నడుస్తూనే ఉంది. సుఖోయ్ విమానాలకు 240 ఇంజన్లు సరఫరా చేయడానికి 2024 సెప్టెంబరులో రక్షణశాఖతో ఒప్పందం కుదిరింది.

ఒక ఇంజను పోయి మరొకటి వచ్చినప్పుడల్లా నమూనాలు మారతాయి, కొలతలు మారతాయి. చేత్తో తిప్పే లేతు మిషను స్థానంలో అంకెలు చెబితే దానంతట అది కోసే మిషను వస్తుంది. కాని వేడికి లోహం ఎలా సాగుతుంది, వెంట్రుకవాసి తేడా వస్తే ఎక్కడ అరుగుతుంది, కొలిచిన కొలతను మళ్ళీ ఎందుకు సరిచూసుకోవాలి అన్న జ్ఞానం మారదు. ఆ పునాది ఉన్న పనివాడికి కొత్త ఇంజను కొత్త పాఠం అవుతుందే తప్ప మొదటి తరగతి కాదు.

అయితే ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. పెద్ద కర్మాగారంలో పనిచేసేవాడు కొత్త పని నేర్చుకునే రోజుల్లో కూడా అతనికి జీతం అందుతుంది. ఎస్‌టీడీ బూతువాడికి, టైపు ఇన్‌స్టిట్యూటువాడికి, పల్లెలో టీవీ మరమ్మతు చేసుకునేవాడికి ఆ వెసులుబాటు లేదు. నేర్చుకునే ఖర్చూ వాడిదే, ఆ రోజుల్లో పోయిన సంపాదనా వాడిదే. కనుక విద్య పాతబడితే వచ్చే నష్టం అందరికీ సమానం కాదు. ఆస్తి తక్కువ ఉన్న ఇంటికే అది ఎక్కువ. కాబట్టే మన ప్రాంతంవారు కోర్సు ఎంచుకునేటప్పుడు పట్నంవారికన్నా జాగ్రత్తగా ఉండాలి.

జాగ్రత్త అంటే ఏమిటి? డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు వేయండి. మొదటిది, ఈ కోర్సులో సాధనం పేరు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? లెక్క, తర్కం, వివరాలను అమర్చే పద్ధతి, యంత్రం లోపల జరిగే పని, ఇవేవైనా నేర్పుతారా? రెండవది, కోర్సు చివర కుర్రవాడు తన చేత్తో ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపగలడా? సర్టిఫికెట్టు గోడకు తగిలించుకోవచ్చు. చేసిన పనిని ఉద్యోగమిచ్చేవాడి ముందు పెట్టవచ్చు. మూడవది, రెండేళ్ళ కిందట అదే కోర్సు పూర్తిచేసిన వాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారు? కరపత్రంలో ఉన్న ఫోటోలను కాక, మనుషులను వెతికి, మాట్లాడి తెలుసుకోవాలి.

ఇంకొక మార్గం ఉంది. ఐఐటీలు కలిసి 2003లో ఎన్‌పీటెల్ పేరుతో పాఠాలు తయారుచేయడం మొదలుపెట్టాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో స్వయం అనే వేదిక ప్రారంభించింది. అక్కడ పాఠాలు వినడానికి రుసుము లేదు. సర్టిఫికెట్టు కోసం పరీక్ష రాస్తేనే డబ్బు కట్టాలి. ఫోనులో సిగ్నలు అందేచోట కూర్చుని రెండు నెలలు ఆ పాఠాలు శ్రద్ధగా వింటే, ఆ విద్య మీద తనకు నిజంగా ఆసక్తి ఉందా లేదా అన్నది కుర్రవాడికే తెలిసిపోతుంది. ఇష్టం లేని కోర్సుకు తోట గుత్తకు పెట్టే ప్రమాదం తప్పుతుంది.

ఇప్పుడు మరొక మార్పు వచ్చింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైంది. ఇలాంటి సాధనాలు మామూలు మాటల్లో అడిగితే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెడుతున్నాయి. కొత్తగా చేరినవారికి ఇచ్చే పనులలో కొన్ని ఇవే చేస్తున్నాయి. ఇందాక చెప్పిన మూడవ కారణమే ఇది, మనిషి నేర్పు యంత్రంలోకి వెళ్ళడం. అయితే అవి తప్పులు కూడా ఎంతో ధీమాగా రాస్తాయి. రాసిపెట్టింది సరైనదో కాదో చూడగలిగినవాడు, అసలు ఏం అడగాలో తెలిసినవాడు అక్కడ కావాలి. ఆ చూపు పునాది ఉన్నవాడికే వస్తుంది.

పాతబడిన విద్య పూర్తిగా విలువ లేనిదైపోతుందని కూడా అనుకోకండి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ రోజుల్లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వరదలా వచ్చిపడ్డాయి. ఆ లెక్కలు చూసే కంప్యూటర్లు దశాబ్దాల నాటివి. కోబాల్ తెలిసినవారు ఎవరైనా ఉంటే సహాయానికి రమ్మని ఆ రాష్ట్ర గవర్నరు బహిరంగంగా పిలుపునిచ్చారు. 2000తో పని తీరిపోయిందనుకున్న విద్యే అది!

నలభై దాటిన శ్రోతలకు ఒక మాట. కొత్తది నేర్చుకోవలసి వచ్చినప్పుడు మనకు అడ్డువచ్చేది చాలాసార్లు తెలివి తక్కువతనం కాదు, నామోషీ. కొడుకు వయసువాడిని అడిగి తెలుసుకోవడానికి మనసొప్పదు. కాని ఆ కుర్రవాడికి మీట ఎక్కడుందో తెలుసు, మీకు పని ఎందుకు చేస్తున్నామో తెలుసు. మీట సంగతి వారంలో నేర్చుకోవచ్చు. రెండవది అంత తొందరగా రాదు. రోజుకు అరగంట కేటాయించండి. ఏడాది తిరిగేసరికి ఆ తేడా మీకే కనిపిస్తుంది. పైగా మన సరిహద్దువారికి మరొక పెట్టుబడి ఉంది. తెలుగు, ఒడియా, కువి భాషలు వింటూ పెరిగినవాళ్ళం. మూడు భాషలవారితో మాట్లాడి వారి అవసరం తెలుసుకోగల నేర్పును ఏ కంపెనీవాడూ వచ్చే ఏడు ఆపివేయలేడు.

ఇక బస్సు దగ్గర అడిగిన ఆ పెద్దాయనకు నా జవాబు.

అయ్యా, మీకు జీడితోటా తెలుసు, చోడిపంటా తెలుసు. జీడిమొక్క ఒకసారి నాటుకుని కాపాడుకుంటే ఏళ్ళ తరబడి కాపు ఇస్తుంది. చోడి మాత్రం ఏటా విత్తాల్సిందే. కరపత్రంలో ఉన్న కోర్సు పేరు చోడిపంట వంటిది. నాలుగైదు ఏళ్ళు తిండి పెడుతుంది, ఆపైన మళ్ళీ విత్తాలి. లెక్క, తర్కం, భాష, పని చేసే పద్ధతి, ఇవి జీడితోట వంటివి. మీ అబ్బాయికి రెండూ కావాలి. ముందు రెండు నెలలు ఇంటి దగ్గరే ఉచిత పాఠాలు వినమనండి. తరవాత కూడా అదే పట్టుదల ఉంటే, రెండేళ్ళ కిందట నేర్చుకున్నవారిని కలిసి మాట్లాడాక పంపండి. తోట మొత్తం కాకుండా, వీలైతే అందులో కొంత భాగమే గుత్తకు ఇవ్వండి. ఎందుకంటే ఇది ఆఖరి ఖర్చు కాదు. విత్తనానికి గింజలు తీసి పెట్టుకోకుండా పండినదంతా తినే రైతు ఉండడు కదా! మీ అబ్బాయి కూడా మొదటి జీతం నుంచే కొంత డబ్బు, వారానికి కొన్ని గంటలు తరవాతి చదువు కోసం పక్కన పెట్టుకోవాలి. ఆ మాట అతనికి ఇప్పుడే చెప్పి పంపండి.

మీ ప్రశ్న మంచి ప్రశ్న. ఆరోజు బస్సు తొందరలో జవాబు చెప్పలేకపోయినందుకు మన్నించండి.